రాజీ చేతిమీది కడుపుతోలు

నేను ముప్పై ఏళ్లు పుండ్లు కడిగాను. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తే వినేవాళ్లు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంటారు, నాకూ గాలి ఆడుతుంది. మాది జఫర్‌గఢ్ దగ్గర నలభై ఎకరాల ఇల్లు. ఆ ఇంట్లో పుట్టి, పీయూసీ రెండుసార్లు తప్పి, డ్రెస్సర్ పనిలో చేరాను. కొడుకు ఏం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే మా నాయిన "మా జగపతి దవాఖానల ఉన్నడు" అని ఊరుకునేవాడు. చాలామంది నాకు జబ్బు చేసిందనుకున్నారు. ఒకరిద్దరు పండ్లు పట్టుకుని చూడటానికి కూడా వచ్చారు.

మానుకోటలో, అంటే కాగితాల మీది మహబూబాబాద్‌లో, రైల్వే స్టేషను వెనక డాక్టర్ విద్యాసాగర్ దవాఖాన ఉండేది. ఆరు మంచాలు, ఒక ఆపరేషన్ గది, ఒక ఆయా, నేను. డాక్టరు మిలిటరీలో పనిచేసి వచ్చిన మనిషి. యుద్ధంలో తెగిన కాళ్లూ చేతులూ చూసి చూసి, మామూలు గాయంతో వచ్చినవాణ్ణి ఆయన కొంచెం చులకనగా చూసేవాడు. ఆయా పేరు ఓదెమ్మ. ఆమెకు తెలియని సంగతి ఆ దవాఖానలో ఉండేది కాదు. అడగకపోతే ఆమె చెప్పేదీ కాదు. ఈ రెండో గుణం వల్ల నాకు జరిగిన అవమానం ముందు ముందు వస్తుంది.

ఇన్నేళ్లలో నేను కట్టుకట్టినవాళ్ల గురించి రాయమంటే నాకు ముందుగా గుర్తొచ్చేది రాజీ. ఆమె ఏ పదవీ చేయలేదు, ఏ పేపర్లోనూ పడలేదు. నర్సింహులపేట దిక్కు ఒక తండాలో ఉండేది. పగలు కూలికి పోయేది, తీరిక దొరికితే అద్దాలబట్ట కుట్టేది. తండాలో ఏ పిల్ల పెళ్లయినా ఆ పిల్ల రవిక మీది అద్దాలు రాజీ కుట్టాల్సిందే. వంకర కుట్టు కనబడితే అది తన పెళ్లి కాకపోయినా విప్పి మళ్లీ కుట్టేదట. అంత మొండిది.

అరవై తొమ్మిది ఏప్రిల్‌లో ఆమెను ఎడ్లబండి మీద తెచ్చారు. అప్పటికి ఇరవై రెండేళ్లుంటాయి. పటేలు బాయి దగ్గర మిరపతోటకు నీళ్లు పారుతుంటే ఆయిలింజను బెల్టు జారిందట. ఎవరో ఒకరు సర్దాలి కదా అని ఈమె చెయ్యి పెట్టింది. బెల్టు ఆమె కుడిచేతిని లాక్కుని, వెంటనే వదిలేసింది. వదిలేసేటప్పుడు మణికట్టు నుంచి వేళ్ల మొదళ్ల దాకా చేతి వెనకవైపు తోలు మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. ఐదు రోజులు ఆకుపసరు కట్టి, వాసన వచ్చాక మా దగ్గరికి తెచ్చారు. నేను కట్టు విప్పాను. వేళ్లను పైకి లేపే తెల్లటి తీగలు నాలుగూ బయటపడి ఉన్నాయి. వేళ్లు ఐదూ కదులుతున్నాయి.

"సూది పట్టొస్తదా సారూ?" అని అడిగింది. నొప్పి గురించి అడగలేదు.

ఇంకోటి కూడా అడిగింది. చేతి వెనక ఆమెకు తొమ్మిది చుక్కల పచ్చబొట్టు ఉండేదట. చిన్నప్పుడు వాళ్ల అవ్వ దగ్గరుండి పొడిపించిందట. "సచ్చినంక మనెంట వచ్చేది గదొక్కటే అని అవ్వ చెప్పింది. గది బెల్టుకు పోయింది. ఇప్పుడు నా ఎంట ఏమొస్తది?" దీనికి మా దగ్గర మందు లేదు. డాక్టరు వినబడనట్టు చేతులు కడుక్కున్నాడు.

తర్వాత ఆమె మొగుడు భోజ్యాను, అత్త ద్వాలిని కూర్చోబెట్టి సంగతి చెప్పాడు. ఆ తీగల మీద తొడ నుంచి పలచటి తోలు తీసి అతికిస్తే బతకదు. కింద రక్తం లేదు, తోలుకు తాగడానికి ఏమీ దొరకదు, రెండురోజుల్లో ఎండిపోతుంది. తన రక్తం తాను వెంట తెచ్చుకునే మందపాటి తోలు కావాలి. అది కడుపు మీద ఉంది. కడుపు తోలును మూడు వైపులా కోసి, నాలుగో వైపు వదిలిపెట్టి, మూతలాగా లేపి, ఆ మూత కింద చెయ్యి పెట్టి కుట్టేస్తాడు. మూడు వారాలు చెయ్యి అక్కడే ఉండాలి. ఆ లోపల చేతిలోంచి కొత్త రక్తనాళాలు పుట్టి ఆ తోలులోకి పాకాలి. పాకితే నాలుగో వైపు కూడా కోసి చేతిని విడదీస్తాడు. పాకకుండా విడదీస్తే తోలు చస్తుంది, తోలుతోపాటు చెయ్యి పోతుంది.

భోజ్యా శ్రద్ధగా విన్నాడు. "మరి కడుపుకు ఏం కప్పుతరు?" అన్నాడు.

"తొడ మీది పలచ తోలు."

"మరి తొడకు?"

"దానికదే వస్తది."

"అంటే చెయ్యికి కడుపు, కడుపుకు తొడ. ఆఖరికి తొడకు దేవుడే దిక్కు," అన్నాడు భోజ్యా, అంతా అర్థమైనవాడిలా. అతను నవ్వలేదు. డాక్టరూ నవ్వలేదు.

రాజీ మాత్రం ఒకటే అడిగింది. "ఆ తోలు ఎన్నటికన్న నా చెయ్యి అయితదా, లేకుంటె కడుపు లెక్కనే ఉంటదా?"

"అయితది," అన్నాడు డాక్టరు. ఆయన చెప్పినంత తేలిగ్గా కాలేదు.

ఆపరేషన్‌కు ముందు ఒక పేచీ వచ్చింది. రాజీ రెండు చేతులకూ మోచేతుల పైన వరుసగా తెల్లగాజులుండేవి. వాళ్లలో పెళ్లయిన ఆడమనిషి మొగుడు బతికున్నన్నాళ్లూ అవి తీయదు. కుడిచెయ్యి వాచి, గాజులు కండలో దిగబడ్డాయి. కోయాలన్నాడు డాక్టరు. రాజీ వద్దంది, ద్వాలి వద్దంది. "రెండు గంటల పని అవ్వా, గంతే," అన్నాడాయన. ఆపరేషన్ రెండు గంటలని ఆయన ఉద్దేశం. చెయ్యి బోసిగా ఉండేది రెండు గంటలని ద్వాలికి అర్థమైంది. ఒక్కో గాజునూ చిన్న రంపంతో రెండు ముక్కలు చేసి నేనే ఆమె చేతిలో పెట్టాను. ఆమె ఒక్కముక్క పోకుండా కొంగున ముడేసుకుంది. రెండు గంటలయ్యాక వచ్చి ఆపరేషన్ గది తలుపు కొట్టింది. మర్నాడు కూడా వచ్చి అడిగింది. డాక్టరు ఇప్పుడు కాదన్నాడు.

ఆపరేషన్ మంచిగా జరిగింది. రాజీ కుడిచెయ్యి కడుపులోకి దూరినట్టుండేది, చంక నుంచి నడుము దాకా వెడల్పాటి గుడ్డపట్టీలతో చుట్టి కదలకుండా కట్టాం. ఎండాకాలం. రేకుల కప్పు. ఆమె ఎడమచేత్తో తినడానికి ఒప్పుకోక అత్త చేత తినిపించుకునేది. ఆ తోలు ఇంకా కడుపును అంటుకునే ఉంది కాబట్టి చేతి మీద నేను దూది ఆనిస్తే, "ఎవలో నా కడుపు ముట్టిన్రు," అనేది. ఈగ చేతి మీద వాలితే ఎడమచేత్తో కడుపు గోక్కునేది. తండా నుంచి వచ్చినవాళ్లకు ఇది పెద్ద వేడుక. ఒక్కొక్కరే చేతిని ముట్టి, "ఇప్పుడేడ?" అని అడిగేవాళ్లు. మూడో రోజు నేను అందరినీ తరిమేశాను.

రక్తనాళాలు ఎట్లా పుడతాయని భోజ్యా రోజూ అడిగేవాడు. ఒకనాడు డాక్టరు అతన్నే ఎదురు అడిగాడు.

"మీ తండాకు తొవ్వ ఎవలు ఏసిన్రు?"

"ఎవలు ఎయ్యలె. నడిచినం, పడ్డది."

"ఎందుకు నడిచిన్రు?"

"ఉప్పు అయిపోతె నడవరా మరి."

"గిది గట్లనె. తోలుకు గాలి తక్కువైతె అది మొత్తుకుంటది. ఆ మొత్తుకోలు చేతిల ఉన్న రక్తనాళాలకు అందుతది. వాటి పక్కలకెళ్లి సన్నటి మొలకలు లేస్తయి. ముందు గట్టిగ ఉంటయి, తర్వాత లోపల బోలు పడతది. రెండు మొలకలు ఎదురెదురు వచ్చి కలిసినయంటె రక్తం పారుతది. రక్తం పారే తొవ్వ నిలుస్తది, వెడల్పయితది. పారనిది పూడిపోతది."

భోజ్యా ఆలోచించాడు. "మా తొవ్వ వానకాలం మునుగుతది సారూ."

"దీనికి వానకాలం లేదు పో," అని డాక్టరు లేచిపోయాడు.

పన్నెండో రోజున ఆయన మందులు తేవడానికి హైదరాబాదు పోయాడు. రెండ్రోజుల్లో వస్తానన్నాడు. ఒకవేళ రాలేకపోతే అని పోయేటప్పుడు నాకు పని అప్పజెప్పాడు. పద్నాలుగో రోజు నుంచి ఆ నాలుగో వైపును, అంటే కడుపు నుంచి తోలుకు రక్తం వచ్చే మొదలును, మెత్తటి రబ్బరుగొట్టంతో బిగించాలి. మొదటినాడు ఐదు నిమిషాలు, మర్నాడు పది, ఆ మర్నాడు ఇరవై. కడుపు రక్తం ఆగినంతసేపూ తోలు చేతి రక్తం మీదే బతకాలి. అట్లా రోజూ తోలును కొంచెం పస్తు పెడితేనే కొత్తనాళాలు జోరుగా లేస్తాయి. బిగించినంతసేపూ రంగు చూడాలి. సూదితో గుచ్చితే ఎర్రటి బొట్టు రావాలి. నల్లటి రక్తం ఊరితే వెంటనే వదిలెయ్యాలి.

అవి ఎట్లాంటి రోజులో ఆ కాలంవాళ్లకు చెప్పనక్కర్లేదు. తెలంగాణను వేరుచేయాలని రోజూ ఊరేగింపులు. బడులు లేవు. రైలు ఎప్పుడు వస్తుందో స్టేషను మాస్టరుకే తెలియదు. మా డాక్టరు ఎక్కిన రైలు తిరుగుదారిలో జనగామ దాకా వచ్చి ఆగిపోయింది, పట్టాల మీద జనం కూర్చున్నారు. ఆయన దిగి అక్కడే చుట్టాలింట్లో ఉండిపోయాడని కబురొచ్చింది. బయట వేరుచేయమని జనం అడుగుతున్నారు. లోపల రాజీ కూడా అదే అడుగుతోంది. రెండింటికీ చేసేవాడు దొరకలేదు.

పద్నాలుగోనాడు ఐదు నిమిషాలు బిగించాను. తోలు ఎర్రగానే ఉంది. పదిహేనోనాడు పది నిమిషాలు. ఎర్రగానే ఉంది. ఆ సాయంత్రం నేను పెద్ద సర్జన్నయినట్టు స్టేషన్‌లో టీ తాగాను. పదహారోనాడు భోజ్యా జ్వరం హడావుడిలో బిగించలేదు. పదిహేడోనాడు ఇరవై నిమిషాలకని బిగిస్తే నాలుగు నిమిషాలకే తోలు నేరేడుపండు రంగుకు తిరిగింది. గుచ్చితే నల్లటి రక్తం. వదిలేశాను. పద్దెనిమిదోనాడు మూడు నిమిషాలు కూడా ఆగలేదు. వేళ్లు ఉబ్బి ఉన్నాయి. గుడ్డపట్టీల బిగువేమో అనుకుని మణికట్టు దగ్గర కొంచెం వదులు చేశాను. పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి, అంతే. పడ్డ తొవ్వ ఎట్లా పూడిపోయిందో నాకు అర్థం కాలేదు. 

కనిపించిన గూడ్సుబండి గార్డు చేతికల్లా జనగామకు చీటీ ఇచ్చి పంపాను. ఇరవై మూడోనాడు జవాబు వచ్చింది. "మూడు వారాలు దాటినా పరవాలేదు, వేళ్లు బిగుసుకుంటయి గాని పోవు. అరగంట బిగించినా ఎర్రగ ఉంటేనే విడదీస్త. నాలుగు వారాలకు కూడా నల్లబడుతుంటే ఆ తోలు నిలవదు. నేను వచ్చి మణికట్టు కాడ చెయ్యి తీసెయ్యాల్సి వస్తది. చేతిని పైనుంచి కిందిదాక మొత్తం చూడు."

నేను చూశాను. పైనుంచి అంటే నా లెక్కలో మణికట్టు నుంచి. పరాయి ఆడమనిషి గుడ్డ తొలగించి భుజం దాకా చూడటం నలభై ఎకరాల ఇంట్లో నేర్పలేదు. ఆమె బట్టలు మార్చడం, పై పట్టీలు సర్దడం ఓదెమ్మ పని. ఆ టైములో నేను వరండాలో నిలబడి మర్యాదగా గోడ చూసేవాణ్ణి.

"ఏం రాసిండు సారూ?" అంది రాజీ.

"మంచిగనే రాసిండు."

"మంచిగ రాస్తె నీ ముఖం గట్లెందుకున్నది?"

ఇక దాచలేక చదివి వినిపించాను. ఆమె ఏడవలేదు. ఎడమచేత్తో పక్కనున్న బట్ట తీసుకుంది. ఆ వారం ఎడమచేత్తో అద్దం కుట్టడం నేర్చుకుంటోంది, అన్నీ వంకరకుట్లే. వాటిని కాసేపు చూసి, "గిట్లనే కుట్టాల్నన్నట్టు," అని పక్కన పెట్టేసింది. ద్వాలి అవతలికి తిరిగి ముక్కు చీదింది. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. వరండాలోకి వస్తే వెనకే భోజ్యా వచ్చాడు.

అతను మధ్యలో జ్వరం పడి లేచి, అప్పటికి సగమయ్యాడు. బీడీ వెలిగించాడు. తర్వాత అన్నాడు. "సారూ, మొదలు రెండు దినాలు తొవ్వ పడ్డదంటిరి."

"పడ్డది. చూసిన."

"పడ్డ తొవ్వ ఏడికి పోతది? మా కాడ తొవ్వల నడక ఆగిందంటె పూడినట్టు కాదు, ఎవలో కంప ఏసినట్టు. మీరు ఈ కొస కాడనె చూస్తున్నరు. ఆ కొస కాడ ఎవలన్న కంప ఏసిన్రేమో జర చూడరాదు?"

నేను వెంటనే లోపలికి పోయాను. "ఓదెమ్మా, పై పట్టీలు విప్పు, భుజం దాక చూడాలె," అన్నాను. రాజీ తల దించుకుంది. ద్వాలి కిటికీలోంచి స్టేషను వైపు చూడసాగింది. ఓదెమ్మ పట్టీ విప్పింది.

మోచేతి పైన గాజులున్నాయి. నేను కోసిచ్చిన ముక్కలే. జంటజంటగా కలిపి, రాజీ కుట్టుదారంతో చుట్టి చుట్టి, ఊడిపోకుండా బిగించి కట్టారు. దారాలు కండలో దిగి ఉన్నాయి. కింద చెయ్యంతా ఉబ్బింది. చేతిలోకి పోయిన రక్తం వెనక్కి రావడానికి దారి లేదు. రబ్బరుగొట్టం బిగించనంతసేపూ అది కడుపు గుండా ఎట్లానో పోయేది. బిగించగానే రెండువైపులా మూతబడి తోలు నల్లబడేది. తప్పు కొత్తనాళాలది కాదు.

"ఎన్నడు కట్టినవ్ అవ్వా?"

"భోజ్యాకు జరమొచ్చిన మర్నాడు," అంది ద్వాలి. "రెండు గంటలన్నడు మీ డాక్టరు. పదిహేను దినాలు ఊకున్న. కొడుకు మంచం పట్టిండు. కట్టిన, మర్నాటికి లేచి కూసున్నడు. నేనేం జెయ్యాలె?"

అబద్ధం కాదు. నిజంగానే అతను మర్నాటికి లేచి కూర్చున్నాడు. నా దగ్గర ఉన్న మలేరియా మాత్రలు అప్పటికి రెండురోజులుగా ఇస్తున్నానని చెప్పాను గానీ దానికి పెద్ద విలువ రాలేదు.

ఓదెమ్మ మీదికి తిరిగాను. "రోజు బట్టలు మారుస్తున్నవ్. నీకు కానరాలేదా?"

"ఎందుకు కానరాలె?"

"మరి చెప్పలేదేంది?"

"నువ్వు అడిగినవా జగపతయ్యా?"

దవాఖానలో అందరికీ తెలుసు. ఊడ్చే మనిషికి తెలుసు. పక్కమంచం ముసలమ్మకు తెలుసు. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.

దారాలు కత్తిరించబోతే రాజీ ఎడమచేత్తో నా కత్తెర పట్టుకుంది. "వద్దు సారూ. చెయ్యి పోతె పోనీ. మనిషి ఉండాలె." ఆ మాట ఆమె నాటకంగా అనలేదు, కూర మాడింది పారబొయ్యి అన్నట్టే అంది. సూది పట్టొస్తదా అని మొట్టమొదట అడిగిన మనిషి ఆమె. నేను కోప్పడ్డాను. తీసిన గాజులు ఎడమచేతికి కట్టుకోమన్నాను. "ఎడమ చేతికి ఎడమ చేతియి ఉన్నయి," అంది ద్వాలి, నాకు లోకజ్ఞానం లేదన్నట్టు చూస్తూ.

అప్పుడు భోజ్యా ముందుకొచ్చాడు. "గాజులు దేని కొరకు అమ్మా?"

"నీ పాణం కొరకు."

"అయితె నా పాణం కాడనె ఉండనీ. నేను ఏసుకుంట. ఆమెకు చెయ్యి వచ్చినంక తిరిగిస్త."

ద్వాలి చాలాసేపు ఆలోచించింది. పద్ధతిలో ఇట్లాంటిది ఉందో లేదో ఆమెకూ తెలియలేదు. చివరికి ఆమే లేచి ఒక్కో దారం తన చేత్తో విప్పింది, నన్ను ముట్టనియ్యలేదు. ముక్కలన్నీ ఎర్రదారానికి గుచ్చి కొడుకు మెడలో వేసింది. రాజీ కళ్లు మూసుకుంది. విప్పడం అయిపోయాక ఒక కన్ను తెరిచి మొగుడి వంక చూసింది. అతను నిలబడే ఉన్నాడు.

ఆ తర్వాత వారం రోజులు భోజ్యా మెడలో పెళ్లాం గాజులేసుకుని మానుకోట స్టేషను రోడ్డంతా తిరిగాడు. గొడవల రోజులు కదా, ఒక కానిస్టేబుల్ ఆపి మెడలో అవేమిటని అడిగాడు. "నా పాణం సారూ," అన్నాడట. అది ఏ సెక్షన్ కిందికి వస్తుందో తెలియక వదిలేశాడు.

విప్పిన మర్నాటికి వాపు తీసింది. ఇరవై ఐదోనాడు రబ్బరుగొట్టం బిగించి గోడగడియారం కింద కూర్చున్నాను. ఐదు నిమిషాలు. పది. తోలు ఎర్రగా ఉంది. ఇరవై. సూదితో గుచ్చాను. బొట్టు లేచింది, ఎర్రటిది, కొత్త కుంకుమంత ఎరుపు.  అరగంటకు మళ్లీ గుచ్చాను. మళ్లీ ఎరుపు. "పడ్డదా?" అంది. "పడ్డది," అన్నాను. ఓదెమ్మ పక్కగదిలోకి వెళ్లి ముసలమ్మకు చెప్పింది. ఈసారి ఎవరూ అడగకుండానే చెప్పింది.

డాక్టరు ఇరవై తొమ్మిదోనాడు వచ్చాడు, వరంగల్ దాకా లారీ, అక్కడి నుంచి గూడ్సు. స్నానం కూడా చేయకుండా గంటసేపు బిగించి చూశాడు. మర్నాడు విడదీశాడు. గాజుల సంగతి చెబితే నన్ను తిడతాడనుకున్నాను. "పైనుంచి అని రాసిన కదా," అని మాత్రం అన్నాడు. ఆ మాట ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ఆ తర్వాత ఏ రోగినైనా నేను భుజం నుంచే చూశాను.

వేళ్లు బిగుసుకున్నాయి. వేడినీళ్లలో పెట్టి రోజూ కదిలించగా కదిలించగా ఆరు నెలలకు సూది పట్టింది. రాజీ ఆ చేతికి కొత్త గాజులు తొడుక్కుంది. భోజ్యా మెడలోవి తీసేశాడో లేదో నేను అడగలేదు. ఓదెమ్మకు తెలుసు, కాని నేను అడగలేదు.

చెయ్యి చూడటానికి మాత్రం బాగుండేది కాదు. మణికట్టు నుంచి వేళ్ల దాకా బూరె అతికించినట్టు ఎత్తుగా ఉండేది. అది కడుపు తోలు, తన అలవాట్లు మానుకోలేదు. కూతురు పుట్టాక రాజీ కొంచెం ఒళ్లు చేసింది, దాంతోపాటు చేతి వెనక కూడా కొవ్వు పట్టింది. వానలు లేని ఏడాది భూపాలపల్లి దిక్కు అడవిలో రోడ్డుపనికి పోయారు, అక్కడ గంజి తాగి బతికారు. తిరిగొచ్చేసరికి చెయ్యి చదునైంది. "అందరు కుండల బియ్యం చూసుకుంటరు, నేను గీ కడుపును చూసుకుంట," అనేది.

అసలు బాధ అది కాదు. ఆ తోలుకు స్పర్శ లేదు. రక్తం వచ్చింది గానీ స్పర్శ తెచ్చే నరాలు రాలేదు. అవి రక్తనాళాలంత తొందరగా పెరగవనీ, వస్తే ఏళ్లు పడుతుందనీ, కొందరికి రానే రావనీ డాక్టరు చెప్పాడు. జొన్నరొట్టె కాలుస్తూ పెనానికి చెయ్యి ఆనినా ఆమెకు తెలిసేది కాదు. వాసనొస్తే చూసుకునేది. నా దగ్గరికి వచ్చి, "కడుపు కాలింది సారూ," అనేది. చెయ్యి చాచి ఆ మాట అంటుంటే కొత్త రోగులు బిత్తరపోయేవాళ్లు. ఆ చేతిని ఆమె ఏనాడూ చెయ్యి అనలేదు. కాలిన ప్రతిసారీ మంచిగా మానేది, కింద రక్తం ఉంది కాబట్టి. "చూడు, ఎంత తొందరగ మానింది," అనేవాణ్ణి. "మానుతది సారూ. నొయ్యది," అనేది. పరాయి మనిషిని మోస్తున్నట్టు ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. నాకు ఆమె ముఖం చూడాలంటే తప్పు చేసినట్టుండేది.

పచ్చబొట్టు మళ్లీ పొడిపించుకొమ్మని ఓదెమ్మ ఒకసారి అంది. రాజీ ఒప్పుకోలేదు. "నొయ్యని కాడ పొడిస్తె అది బట్ట మీద పొడిచినట్టు. అవ్వ గుర్తుపట్టది."

ఎనభై నాలుగులో శివరాత్రికి కురవి జాతరకు పోయాను. వీరభద్రస్వామి దర్శనం చేసుకుని వస్తుంటే పచ్చబొట్లు పొడిచే ఆమె చాప దగ్గర రాజీ కనిపించింది. కూతురు సమ్మక్కకు పన్నెండేళ్లుంటాయి. చేతికి చుక్కలు కావాలని పొద్దుటినుంచి పోరుపెట్టి, తీరా సూదులు చూడగానే వెనక్కి గుంజుకుంటోంది. రాజీ నన్ను చూసి నవ్వి, కూతురితో అంది. "ఏం నొయ్యదే, ఉట్టిగ భయపడతవ్. చూడు, ముందుగాల నాకు పొడుస్తది, నేను ఇంతన్న కదులుతనా చూడు." నా వైపు కన్ను గీటి కుడిచెయ్యి చాప మీద పెట్టింది. ఆ చేతికి ఏమీ తెలియదని మా ఇద్దరికీ తెలుసు. కూతుర్ని మాయజేయడానికి అంతకన్నా మంచి చెయ్యి దొరకదు.

పచ్చబొట్టామె సూది దించింది.

"అబ్బా!" అని రాజీ చెయ్యి గుంజుకుంది.

"నొయ్యదంటివి కదనే!" అని సమ్మక్క లేచి రెండడుగులు వెనక్కి పోయింది.

చేతి మీద ఎర్రటి బొట్టు లేచి ఉంది. రాజీ దాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది.  "సారూ, నొస్తున్నది," అంది. మళ్లీ చెయ్యి చాప మీద పెట్టింది. "తొమ్మిది సుక్కలు," అని పచ్చబొట్టామెతో చెప్పింది.

రెండో చుక్కకు కన్నీళ్లు మొదలయ్యాయి. నాలుగో చుక్కకు గట్టిగా ఏడ్చేసింది. జాతరలో పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. పచ్చబొట్టామె జాలిపడి సూది ఆపింది.

"ఆపకు," అంది రాజీ. "పొడువు. నా చెయ్యే అది."